కులం తెలిసి ఇల్లు ఇవ్వనంటే, గేటు ముందు తిడితే: హైదరాబాద్‌లో ఫిర్యాదు ఎలా చేయాలి

హైదరాబాద్‌లో అద్దె ఇల్లు వెతికినవాళ్ళకి ఈ వరస కొత్త కాదు. టులెట్ బోర్డు మీదున్న నంబరుకి ఫోన్ చేస్తాం. ఎంతమంది ఉంటారు, ఉద్యోగం ఎక్కడ, నాన్‌వెజ్ వండుతారా అని అడుగుతారు. అన్నీ అయ్యాక గొంతు కాస్త తగ్గించి, "ఏమీ అనుకోకండి, మీరేవిట్లు?" అంటారు. కొందరు అంత సూటిగా అడగరు. ఇంటిపేరు అడుగుతారు, ఊరు అడుగుతారు, ఊళ్ళో మీ ఇల్లు ఎటువైపు అని అడుగుతారు. ఇంటిపేరు చెబితే ఏమవుతుందో మనవాళ్ళకి తరతరాలుగా తెలుసు. దళితుల కోసం 1906లోనే ఇదే నగరంలో జగన్మిత్ర మండలి పెట్టిన భాగ్యరెడ్డి వర్మ పుట్టినప్పటి పేరు మాదరి భాగయ్య.

నాకు వరసకి చెల్లెలయ్యే అమ్మాయి కూకట్‌పల్లి వైపు ఒక కాలనీలో రెండు గదుల పోర్షన్ చూసుకుంది. 5000 అడ్వాన్స్ ఫోన్‌పే చేసి, ఆధార్ జిరాక్స్ ఇచ్చి వచ్చింది. ఆ రాత్రే డబ్బులు వెనక్కి వచ్చాయి. "మా చుట్టాలు వస్తున్నారమ్మా, సారీ" అని మెసేజ్. రెండు రోజుల తర్వాత అటు వెళ్తే బోర్డు అలాగే వేలాడుతోంది. ఒకసారి అడుగుదామని గేటు దగ్గర ఆగింది. ఇంటావిడ బయటికొచ్చి, ఎదురింటివాళ్ళు, పక్క అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ చూస్తుండగా, కులం పేరు పెట్టి ఒక మాట అంది. వాచ్‌మన్ తల తిప్పుకున్నాడు.

నేను లాయర్ని కాను. ఆ కేసు కోసం తనతో పాటు స్టేషన్‌కీ ఆఫీసులకీ తిరిగాను. తర్వాత ఇంకో ఇద్దరి కోసం తిరిగాను. ఎక్కడ తప్పు చేశామో, ఏది ముందే తెలిసుంటే బాగుండేదో చూశాను. మీకు అలాంటి రోజు వస్తే ఏం చేయాలో వరసగా చెబుతాను.

అక్కడ నిలబడి ఉన్నప్పుడు

వాదించకండి. మనసు ఉడికిపోతుంది, నాకు తెలుసు. కానీ ఆ రెండు నిమిషాల్లో మీ కళ్ళకి వేరే పని ఉంది. చుట్టూ ఎవరున్నారో చూడండి: ఎదురింటి బాల్కనీలో ఎవరు, వాచ్‌మన్ ఉన్నాడా, ఆటో ఆగి ఉందా, ఏ గోడకి సీసీ కెమెరా ఉంది. మీరు గేటు బయట ఉన్నారా లోపల ఉన్నారా. టైమెంత. కాస్త దూరం వచ్చాక బోర్డు ఫొటో తీయండి, ఫోన్ నంబరు కనబడేలా. కొట్టేలా ఉంటే ఇవేవీ వద్దు, ముందు అక్కడి నుంచి వచ్చేసి 100కి గానీ 112కి గానీ ఫోన్ చేయండి. ఆ కాల్ కూడా రికార్డులో ఉంటుంది.

మెసేజులు డిలీట్ చేయకండి. అడ్వాన్స్ పంపినట్టు, వెనక్కి వచ్చినట్టు ఉన్న స్క్రీన్‌షాట్లు దాచండి. వీడియో గానీ ఆడియో గానీ ఉంటే అది తీసిన ఫోన్‌ని ఫార్మాట్ చేయకండి, అమ్మకండి. కొత్త సాక్ష్య చట్టం 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సర్టిఫికెట్ జత చేయాలి, దానికి అసలు ఫోన్ అవసరం పడుతుంది. వాట్సాప్‌లో నలుగురికి ఫార్వర్డ్ చేసిన కాపీ ఒక్కటే మిగిలితే లాయరుకి తలనొప్పే.

ఆ రాత్రి కాగితం మీద పెట్టండి

ఈ మొత్తంలో నేను అన్నిటికంటే గట్టిగా చెప్పేది ఇదే. జరిగిన రోజే రాయండి, అన్న మాట అన్నట్టే రాయండి.

మా చెల్లి మొదట రాసిన కాగితం నా దగ్గర ఇప్పటికీ ఉంది. "సదరు మహిళ నన్ను కులం పేరుతో దూషించి అవమానించినారు" అని రాసింది. చక్కటి దస్తూరి. చదివి, "ఆవిడ ఏమంది?" అని అడిగాను. "అదే కదా రాశాను" అంది. "ఆ మాట రాయి" అన్నాను. పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చుంది. కులం పేరు మొదటి అక్షరం రాసి ఆగింది, కొట్టేసింది, మళ్ళీ రాసింది. ఆ కొట్టివేత ఆ కాగితం మీద అలాగే ఉంది. తనని అన్న మాటని తన చేత్తోనే రాయాల్సి రావడం ఎంత కష్టమో ఆ రోజు చూశాను. అయినా రాయాలి. ఫిర్యాదులో ఆ మాట లేకపోతే, ఏ పదంతో అవమానించారో చెప్పలేదు కాబట్టి నేరమే లేదని అవతలి లాయరు హైకోర్టుకి వెళ్తాడు. అలా కొట్టేసిన కేసులు ఉన్నాయి. తెలుగులో అన్న మాటని తెలుగులోనే, అన్న యాసలోనే రాయండి. మర్యాద భాషలోకి మార్చకండి.

ఏ చట్టం వర్తిస్తుంది

మీకు పనికొచ్చేవి రెండు. ఒకటి 1955 నాటి పౌర హక్కుల పరిరక్షణ చట్టం. అంటరానితనాన్ని రద్దు చేసిన రాజ్యాంగం 17వ అధికరణ కోసం వచ్చిన చట్టం ఇది. రెండోది 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం, మనం అట్రాసిటీ కేసు అనేది దీన్నే.

ఇల్లు ఇవ్వకపోవడం ఒక్కటే జరిగి, తిట్టు ఏమీ లేకపోతే 1955 చట్టం చూడాలి. దాని 4వ సెక్షన్‌లో, ఏ ప్రాంతంలోనైనా సరే ఇల్లు కట్టుకోవడానికి, పొందడానికి, అందులో ఉండడానికి అంటరానితనం కారణంగా అడ్డుపడితే నేరమని ఉంది. ఈ సంగతి చాలామంది లాయర్లే గుర్తు చేస్తే గానీ చూడరు. శిక్ష నెల నుంచి ఆరు నెలల జైలు, 100 నుంచి 500 రూపాయల జరిమానా. 500 రూపాయలంటే ఈ రోజుల్లో ఎవరికి లెక్క? పార్లమెంటు దీన్ని ఎప్పుడో పెంచాల్సింది. కానీ ఈ చట్టంలో 12వ సెక్షన్ బలమైనది. బాధితులు షెడ్యూల్డ్ కులంవాళ్ళైతే, ఆ పని అంటరానితనం వల్లే చేశారని కోర్టు అనుకుంటుంది. కాదని నిరూపించాల్సింది అవతలివాళ్ళు. "మా చుట్టాలు వస్తున్నారు" అన్నవాళ్ళు ఆ చుట్టాలెవరో చెప్పాలి. బోర్డు ఫొటో ఎందుకు తీయమన్నానో ఇప్పుడు అర్థమైంది కదా.

తిట్టు ఉంటే అట్రాసిటీ చట్టం 3వ సెక్షన్. అవమానించాలనే ఉద్దేశంతో నలుగురి కంటపడే చోట కించపరచడం ఒక నేరం, నలుగురి కంటపడే చోట కులం పేరుతో తిట్టడం ఇంకొకటి. ఒక్కోదానికి ఆరు నెలల నుంచి ఐదేళ్ళ జైలు, జరిమానా. మీరు ఇప్పటికే అద్దెకి ఉంటుంటే, కులం తెలిశాక ఇల్లు వదిలిపోయేలా చేయడం కూడా ఇదే సెక్షన్‌లో ఉన్న నేరం.

"నలుగురి కంటపడే చోట" అన్న మాట దగ్గరే ఎక్కువ కేసులు నిలుస్తాయి లేదా పడిపోతాయి. నాలుగు గోడల మధ్య, బయటివాళ్ళెవరూ లేనప్పుడు అన్న మాటకి ఈ సెక్షన్ వర్తించదని 2020లో హితేశ్ వర్మ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. సొంత ఇంటి గేటు దగ్గరైనా, బయట నలుగురికీ కనబడుతూ వినబడుతూ అంటే వర్తిస్తుందని 2008లో స్వరణ్ సింగ్ కేసులో చెప్పింది. ఫోన్‌లో మీ ఒక్కరితో అన్న మాటని నిలబెట్టడం కష్టం. అందుకే ఎవరు విన్నారన్నది మీ కాగితంలో తప్పనిసరిగా ఉండాలి. మీ అన్నయ్యో, మీ ఆయనో కాకుండా ఒక్కరైనా బయటివాళ్ళు.

ఇంకో రెండు విషయాలు ముందే చూసుకోండి. తిట్టినవాళ్ళు ఎస్సీ గానీ ఎస్టీ గానీ అయితే అట్రాసిటీ చట్టం వర్తించదు. అలాగే 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకి, సిక్కులకి, బౌద్ధులకి మాత్రమే ఉంది, ఎస్టీలకి మతంతో పని లేదు. చర్చికి వెళ్ళే కుటుంబాలు మనలో ఎన్నో ఉన్నాయి. మీ సర్టిఫికెట్‌లో ఏముంది, మీరు నడిచే మతం ఏది అన్నది అవతలి లాయరు తప్పకుండా లాగుతాడు. దాచిపెట్టి కేసు వేయకండి. మీ లాయరుకి మొదటి రోజే ఉన్నదున్నట్టు చెప్పండి.

ముస్లింలని ఇల్లు ఇవ్వకపోవడం ఈ నగరంలో ఎంత మామూలైపోయిందో చెప్పనక్కర్లేదు. ప్రైవేటు ఓనరు మతం చూసి అద్దెకి ఇవ్వకపోతే పట్టుకోవడానికి మన దేశంలో విడిగా చట్టం లేదు. 15వ అధికరణ ప్రభుత్వాన్ని కట్టేస్తుంది, దుకాణాలు, హోటళ్ళ దగ్గర అందరికీ వర్తిస్తుంది, ఇంటి ఓనరు దాకా రాదు. ఇది అన్యాయమే. మాట బెదిరింపు దాకా, దెబ్బ దాకా వెళ్తే మాత్రం మామూలు క్రిమినల్ కేసు పెట్టవచ్చు.

ఫిర్యాదు ఎలా రాయాలి

ఒకటిన్నర పేజీ చాలు. తెలుగులోనే రాయండి. ఇంగ్లీషు ఫిర్యాదుకి విలువెక్కువ అన్నది అపోహ. మేం చివరికి ఇచ్చినది సుమారుగా ఇలా ఉంది:

"నేను షెడ్యూల్డ్ కులానికి చెందిన వ్యక్తిని. ఫలానా తేదీ సాయంత్రం 6:20కి ఫలానా కాలనీలో ఫలానా నంబరు ఇంటి గేటు బయట నిలబడి అద్దె పోర్షన్ గురించి అడుగుతున్నాను. అంతకు రెండు రోజుల ముందు నేనిచ్చిన ఆధార్ కాపీ ద్వారా, మా ఊరి వివరాల ద్వారా ఇంటి యజమానికి నా కులం తెలుసు. ఆమె గేటు బయటికి వచ్చి, ఎదురింటివారు, పక్క అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ చూస్తూ వింటుండగా నన్ను ఇలా అన్నారు." తర్వాత ఆవిడ అన్న మాట, ఉన్నది ఉన్నట్టు, కొటేషన్‌లో. "నాకు తెలిసినంతవరకు ఆమె ఎస్సీ గానీ ఎస్టీ గానీ కారు. చట్టప్రకారం చర్య తీసుకోగలరు."

మీ కులం వాళ్ళకి ఎలా తెలిసిందో రాయడం మర్చిపోకండి. కేసంతా ఆ ఒక్క వాక్యం మీద ఆగవచ్చు. సెక్షన్ నంబర్లు రాయకపోయినా ఫర్వాలేదు, అది పోలీసుల పని. జరగనిది ఒక్క ముక్క కూడా కలపకండి. కోపంలో "కొట్టారు కూడా" అని రాస్తే, ఆ దెబ్బ అబద్ధమని తేలిన రోజు తిట్టు కూడా అబద్ధమైపోతుంది.

మూడు కాపీలు తీయండి. ఒకటి స్టేషన్‌కి. ఒకదాని మీద స్టేషన్ ముద్ర, తేదీ, సంతకం వేయించుకుని మీ దగ్గర ఉంచుకోండి. ఇంకొకటి ఇంట్లో.

స్టేషన్‌లో

ఒక్కరే వెళ్ళకండి. మాట తడబడినప్పుడు పక్కన కూర్చునేవాళ్ళు ఒకరు కావాలి. రాయడం రాకపోతే నోటితో చెప్పినా చాలు, పోలీసులే రాసి, చదివి వినిపించి, సంతకం తీసుకోవాలి. ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితం. నగరంలో ఒకటికి మించి కమిషనరేట్లు ఉన్నాయి కాబట్టి "ఇది మా లిమిట్స్ కాదు" అన్న మాట తప్పకుండా వింటారు. కంగారు పడకండి. 2024 జూలై 1 నుంచి పాత సీఆర్‌పీసీ బదులు అమల్లో ఉన్న బీఎన్ఎస్ఎస్ (క్రిమినల్ కేసుల నమోదు, దర్యాప్తు ఎలా జరగాలో చెప్పే చట్టం) 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా తీసుకోవాలి. దాన్నే జీరో ఎఫ్‌ఐఆర్ అంటారు. ఆన్‌లైన్‌లో పంపితే మూడు రోజుల్లోపు వెళ్ళి సంతకం చేయాలి.

మాకు ఎదురైన మాట వేరు. "ముందు ఎంక్వైరీ చేస్తాం, ఇద్దరినీ పిలిచి కూర్చోబెడతాం, ఆ తర్వాత చూద్దాం" అన్నారు. మాట మంచిగానే ఉంటుంది. టీ కూడా తెప్పించారు. కానీ 2018 సవరణతో వచ్చిన 18ఎ సెక్షన్ ప్రకారం అట్రాసిటీ కేసులో ఎఫ్‌ఐఆర్‌కి ముందు ప్రాథమిక విచారణ అక్కర్లేదు. 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ సవరణని సమర్థించింది. ఈ రెండు ముక్కలు ఒక చీటీ మీద రాసుకుని వెళ్ళండి. గొంతు పెంచకుండా, "సార్, 18ఎ ప్రకారం నమోదు చేయండి, లేదంటే తీసుకోవడం లేదని రాసివ్వండి" అనండి. మేం రెండోసారి వెళ్ళినప్పుడు ఇదే అన్నాం. నమోదు చేశారు.

అయినా కాదంటే ఫిర్యాదుని రిజిస్టర్డ్ పోస్టులో మీ జోన్ డీసీపీకి పంపండి, రసీదు దాచండి. అప్పటికీ కదలకపోతే మెజిస్ట్రేట్ దగ్గరికి. అట్రాసిటీ చట్టం కింద తన పని చేయని అధికారికి, ఆయన ఎస్సీ, ఎస్టీ కాకపోతే, ఆ చట్టం 4వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి ఏడాది దాకా శిక్ష ఉంది. మధ్యలో 14566కి ఫోన్ చేయండి. అది ఎస్సీ, ఎస్టీల మీద జరిగే అత్యాచారాల కోసమే పెట్టిన జాతీయ హెల్ప్‌లైన్. ఇచ్చిన ఫిర్యాదు నంబరు రాసుకోండి.

ఎఫ్‌ఐఆర్ తర్వాత

దర్యాప్తు చేయాల్సింది ఎస్సై కాదు, డీఎస్పీ స్థాయి అధికారి, అంటే మన నగరంలో ఏసీపీ. 60 రోజుల్లో పూర్తి చేయాలి. మీ కుల ధ్రువీకరణ పత్రం అడుగుతారు. లేకపోతే వెంటనే మీసేవలో అప్లై చేయండి, తహసీల్దార్ ఆఫీసులో రోజులు పడుతుంది.

"ఇంకా అరెస్టు చేయలేదంటే కేసు నీరుగారిపోయినట్టే" అని చుట్టాలు టెన్షన్ పెడతారు. నమ్మకండి. ఏడేళ్ళ లోపు శిక్ష పడే నేరాల్లో నోటీసు ఇచ్చి పిలవడం మామూలే. మీరు చూడాల్సింది చార్జిషీటు ఎప్పుడు వేస్తారన్నది. అట్రాసిటీ చట్టం 15ఎ సెక్షన్ ప్రకారం కేసులో జరిగే ప్రతి విచారణ గురించి మీకు తెలిసే హక్కు ఉంది. బెయిల్ పిటిషన్ వేసినా మీకు చెప్పాలి, మీ మాట వినాలి.

కులం పేరుతో తిట్టిన కేసులో ప్రభుత్వం ఇచ్చే సహాయం 2016 నిబంధనల ప్రకారం లక్ష రూపాయలు: ఎఫ్‌ఐఆర్ అయ్యాక 25 శాతం, చార్జిషీటు కోర్టుకి వెళ్ళాక 50, శిక్ష పడ్డాక మిగతాది. దీన్ని "కేసు పెట్టి డబ్బులు తిన్నారు" అనేవాళ్ళు ఉంటారు. అది మీ హక్కు, తలొంచుకోకండి. రాకపోతే సోమవారం కలెక్టరేట్ ప్రజావాణిలో దరఖాస్తు ఇవ్వండి. ఈ చట్టం అమలు చూసే జిల్లా విజిలెన్స్, మానిటరింగ్ కమిటీకి అధ్యక్షుడు కలెక్టరే.

ఈ రోజుల్లోనే రాజీ కబుర్లు వస్తాయి. ఊరి నుంచి పెద్దమనుషులు ఫోన్ చేస్తారు. ఎవరు, ఎప్పుడు, ఏమన్నారో రాసిపెట్టండి. బెదిరిస్తే అది ఇంకో ఫిర్యాదు.

లాయరు, డబ్బు

ఎస్సీ, ఎస్టీలకి, ఆడవాళ్ళకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. పురానీ హవేలీలో సిటీ సివిల్ కోర్టు ఆవరణలోని న్యాయ సేవా సదన్‌కి వెళ్ళండి, లేదా 15100కి ఫోన్ చేయండి. ప్రభుత్వం తరఫున స్పెషల్ పబ్లిక్ ప్రాసిక్యూటర్ కేసు నడుపుతారు. అయినా మీ వైపు నుంచి ఒక లాయరు కాగితాలు చూస్తుంటే ధైర్యం.

పోలీసులో, ప్రభుత్వ ఆఫీసులోవాళ్ళో మీ హక్కుని కాలరాస్తే నాంపల్లి గృహకల్పలోని రాష్ట్ర మానవ హక్కుల కమిషన్‌కి రాయవచ్చు, జరిగిన ఏడాదిలోపు. 1955 చట్టం కేసుకి కూడా శిక్ష ఆరు నెలలే కాబట్టి కోర్టు కేసు చేపట్టే గడువు ఏడాదే, తర్వాత చూద్దాంలే అనుకోకండి.

సాక్షి

ఆ వాచ్‌మన్ పాలమూరు నుంచి వచ్చినాయన. మొదటి రోజు మేం వెళ్ళి అడిగితే "నేనేం చూడలేదమ్మా" అన్నాడు. మళ్ళీ వెళ్ళినప్పుడు ఒత్తిడి చేయలేదు. ఆయన పేరు ఫిర్యాదులో ఉందని మాత్రం చెప్పాం. ఏసీపీ స్థలం చూడటానికి వచ్చిన రోజు, గేటు పక్కన నిలబడి, ఆవిడ ఎక్కడ నిలబడిందో వేలితో చూపించాడు. ఆ మాట కూడా చెప్పాడు.

స్టేషన్‌కి రావాలంటే ఆయనకి ఆ పూట జీతం పోతుంది. రేపు కోర్టుకి వచ్చినా అంతే. అట్రాసిటీ చట్టం నిబంధనల్లో 11వది సాక్షులకి కూడా వర్తిస్తుంది: రానుపోను ఖర్చులు, ఇల్లు వదిలి వచ్చిన రోజులకి కనీస వేతనానికి తగ్గకుండా భత్యం, అదీ వెంటనే లేదా మూడు రోజుల్లోపు ఇవ్వాలి. ఎవరూ వాళ్ళంతట వాళ్ళు ఇవ్వరు. బస్సు టికెట్లు, స్టేషన్‌కి రమ్మన్న నోటీసు జతచేసి, సాక్షి పేరు మీద, సాక్షి బ్యాంకు అకౌంటు నంబరుతో కలెక్టరు ఆఫీసులో దరఖాస్తు ఇవ్వాలి. మేం ఆయన దరఖాస్తు ఆ వాచ్‌మన్ గదిలోనే కూర్చుని రాశాం. ఆయన వేలిముద్ర వేయబోయి ఆగి, సంతకం పెడతానన్నాడు.